జర్మనీలో ఉద్యోగం వచ్చింది: పబ్లిక్ హెల్త్ ఇన్సూరెన్సా, ప్రైవేటా? నెలాఖరులోగా చెప్పాలి

కొత్తప్రయాణం

అందరికీ నమస్కారం. వచ్చే నెల 1న స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగంలో చేరుతున్నాను. బ్లూ కార్డ్ వీసా చేతికొచ్చింది. జీతం ఏడాదికి 82,000 యూరోలు, నా వయసు 33. మా ఆవిడ, మూడేళ్ల పాప నాలుగైదు నెలలు ఆగి వస్తారు. మా ఆవిడకి థైరాయిడ్ ఉంది, ఆరేళ్లుగా మాత్ర వేసుకుంటోంది.

"2026కి పరిమితి 77,400 యూరోలు. మీ జీతం అది దాటింది కాబట్టి పబ్లిక్, ప్రైవేట్ రెండిట్లో ఏదైనా తీసుకోవచ్చు. ఏదో నెలాఖరులోగా చెప్పండి" అని హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. మర్నాడే ఒక ఏజెంట్ ఫోన్ చేశాడు. ప్రైవేట్‌లో నెలకి 560, అందులో సగం కంపెనీ కడుతుంది, నాకు పడేది 280 అన్నాడు. పబ్లిక్‌లో అయితే నా వాటానే 600 దాటుతుందట. అంటే నెలకి 330 మిగులు, ఏడాదికి దాదాపు 4,000 యూరోలు. శుక్రవారం లోపు సంతకం పెట్టాలంటున్నాడు.

డబ్బు లెక్క చూస్తే ప్రైవేటే మేలు అనిపిస్తోంది. ఇంట్లో మాత్రం మా ఆవిడ "తెలిసినవాళ్లని అడక్కుండా సంతకం పెట్టకు" అంటోంది. మూడు రోజులుగా ఇదే టెన్షన్. అక్కడ ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

ఒంటరిపక్షి

నేను ఐదేళ్లుగా ప్రైవేట్‌లోనే ఉన్నాను, ఒక్కసారి కూడా బాధపడలేదు. చర్మం మీద మచ్చ కనిపించి డెర్మటాలజిస్ట్‌కి ఫోన్ చేస్తే మూడో రోజుకి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరికింది. అదే వారం పబ్లిక్‌లో ఉన్న నా రూమ్‌మేట్ అదే క్లినిక్‌కి ఫోన్ చేస్తే పది వారాల తర్వాత రమ్మన్నారు. అది కళ్లారా చూశాక ఇంకో ఆలోచన రాలేదు. పైగా ఏడాదంతా బిల్లు పెట్టకపోతే కొంత డబ్బు వెనక్కి కూడా ఇస్తారు.

లెక్కలమాస్టారు

కొత్తప్రయాణం గారూ, ముందు శుక్రవారం సంగతి పక్కన పెట్టండి. అది ఏజెంట్ గడువు, చట్టం పెట్టింది కాదు. జర్మనీలో మొదటిసారి ఉద్యోగంలో చేరుతూ జీతం ఆ పరిమితి దాటినవాళ్లు, చేరిన రోజు నుంచి మూడు నెలల్లోపు పబ్లిక్‌లో చేరతామని రాసిస్తే చాలు, చేర్చుకోవాల్సిందే. ఆ మూడు నెలలూ గడిచిపోతే మాత్రం ఆ తలుపు మూసుకుంటుంది. జీతాల లెక్క చిక్కుపడకుండా హెచ్‌ఆర్‌కి మొదటి నెలలోనే చెప్పడం మంచిది. అంతేగానీ రెండు రోజుల్లో ముంచుకొచ్చేది ఏమీ లేదు.

ఇక లెక్క. ఏజెంట్ మీకు చెప్పింది ఒక మనిషి లెక్క. మీరు ముగ్గురు.

పబ్లిక్‌లో ప్రీమియం జీతం మీద శాతంగా ఉంటుంది. మూల రేటు అన్ని సంస్థలకీ 14.6 శాతం. దాని మీద ప్రతి సంస్థ తన అదనపు రేటు వేసుకుంటుంది. 2026కి ప్రభుత్వం ప్రకటించిన సగటు అదనపు రేటు 2.9 శాతం. రెండూ కలిపి 17.5. అయితే మొత్తం జీతం మీద కాదు, నెలకి 5,812.50 యూరోల వరకే లెక్కేస్తారు. మీ జీతం దాన్ని దాటింది కాబట్టి మొత్తం 1,017, అందులో సగం మీది: 508.59. దీనికి తోడు కేర్ ఇన్సూరెన్స్ అని ఇంకోటి ఉంటుంది, ముసలితనంలో, మంచాన పడ్డప్పుడు చూసుకోవడానికి. అది 3.6 శాతం, మీ సగం 104.63. మొత్తం మీ జేబులోంచి 613.22.

ఈ 613లోనే మీ ఆవిడ, పాప ఇద్దరూ వస్తారు. వాళ్లకి విడిగా ఒక్క యూరో కట్టక్కర్లేదు. సొంత ఆదాయం నెలకి 565 యూరోలు దాటనంత వరకు భార్య ఉచితం. పిల్లలు 18 ఏళ్ల వరకు, చదువుకుంటుంటే 25 వరకు ఉచితం.

ప్రైవేట్‌లో మనిషికో పాలసీ, పాలసీకో ప్రీమియం. మీ ఆవిడకి, పాపకి ఎంతవుతుందో ఆ ఏజెంట్‌నే రాతపూర్వకంగా అడగండి. కేర్ భాగం ఎంతో విడిగా రాయమనండి. ఆ అంకెలు ఇక్కడ పెట్టండి, మిగతా లెక్క నేను చేసి పెడతాను.

తొందరలోఉన్నా

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నా జీతం 58,000. నాకూ ఈ ఎంపిక ఉంటుందా?

లెక్కలమాస్టారు

ఉండదండీ. పరిమితి కింద ఉన్న ఉద్యోగికి పబ్లిక్ తప్పనిసరి. మీరు ఎంచుకోవాల్సింది టీకే, ఏఓకే, బార్మర్, డీఏకే లాంటి వాటిలో ఏ సంస్థ అన్నదొక్కటే. వైద్యం దాదాపు అంతా చట్టం చెప్పినట్టే, అన్నిట్లో ఒకటే. తేడా అదనపు రేటులో, ఇంగ్లీషులో మాట్లాడే మనిషి దొరకడంలో, దంతాల క్లీనింగ్ లాంటి చిన్న చిన్న వాటిలో ఉంటుంది. నచ్చకపోతే 12 నెలల తర్వాత మారొచ్చు. రేటు పెంచితే 12 నెలలు ఆగకుండానే మారొచ్చు. పాత సంస్థకి మీరు ఉత్తరం రాయక్కర్లేదు, కొత్తవాళ్లే చూసుకుంటారు. దీని గురించి నిద్ర పాడుచేసుకోకండి.

స్టుట్‌గార్ట్_అక్క

తమ్ముడూ, నా కథ చెప్తాను, తర్వాత నీ ఇష్టం.

నేను 2018లో పెళ్లికి ముందు ప్రైవేట్ తీసుకున్నాను. అప్పటికి ఒంటరిపక్షి గారు చెప్పినదంతా నిజమే. డాక్టర్ దగ్గర ఎదురుచూపులు లేవు, ఆసుపత్రిలో ఒంటరి గది. తర్వాత పెళ్లయింది, పాప పుట్టింది, ఏడాది పేరెంటల్ లీవ్ పెట్టాను. పబ్లిక్‌లో ఉద్యోగం చేస్తూ లీవ్ పెట్టిన నా స్నేహితురాలు ఆ ఏడాదంతా ప్రీమియం కట్టలేదు. నేను ప్రతి నెలా 520 యూరోలు కట్టాను. సగం కాదు, మొత్తం. జీతం లేని నెలల్లో కంపెనీ వాటా కూడా ఆగిపోతుందని నాకు ఎవరూ చెప్పలేదు. మా ఆయన పబ్లిక్‌లోనే ఉన్నారు కదా, ఆయన కింద చేరతానంటే రూలు ఒప్పుకోలేదు. లీవ్‌కి ముందు ప్రైవేట్‌లో ఉన్న మనిషి ఆ లీవ్‌లో భర్త కింద చేరడానికి లేదట.

ప్రసవం సెలవుల్లో పబ్లిక్ వాళ్లకి సంస్థ రోజుకి 13 యూరోల దాకా ఇస్తుంది, మిగతాది కంపెనీ కలుపుతుంది. నాకు ప్రభుత్వ కార్యాలయం నుంచి వచ్చింది మొత్తం మీద 210 యూరోలు. కంపెనీ మాత్రం ఆ 13 నాకూ వచ్చినట్టే లెక్కేసి మిగతాది ఇచ్చింది.

ఆ రోజుల్లో వంటగది బల్ల మీద ఉత్తరాలు గుట్టగా ఉండేవి. గైనకాలజిస్ట్ బిల్లు, అనస్తీషియా బిల్లు, ల్యాబ్ బిల్లు, పాపకి మళ్లీ విడిగా. ప్రతి బిల్లు ముందు నేను కట్టాలి, తర్వాత ఇన్సూరెన్స్‌కి పంపాలి, వాళ్లు ఇస్తే తీసుకోవాలి. పాపని ఒళ్లో వేసుకుని ఒక చేత్తో ఫోన్ పట్టుకుని బిల్లులు ఫొటో తీసి పంపేదాన్ని. ల్యాబ్ బిల్లు ఒకటి కాగితాల కింద ఉండిపోయి, గుర్తుచేస్తూ ఉత్తరం వచ్చింది, ఆలస్య రుసుముతో.

లీవ్ అయ్యాక వారానికి 30 గంటల పనికి మారాను. జీతం పరిమితి కిందికి వచ్చింది, దానంతట అదే పబ్లిక్‌లోకి వచ్చేశాను. ఇప్పుడు మళ్లీ పూర్తి జీతం వచ్చినా ఇక్కడ నుంచి కదలను.

ఒంటరిపక్షి

అక్కా, మీ మాట కాదనను. నేను పెళ్లి కానివాణ్ణి, ఇంకో రెండేళ్లలో వెళ్లిపోతాను. నా లెక్క నాకు సరిపోయింది. అందరికీ పబ్లిక్కే అని చెప్పేస్తే అదీ తప్పే కదా?

స్టుట్‌గార్ట్_అక్క

తప్పే. మీకు ప్రైవేట్ సరైనదే. అతనికి భార్య, పాప ఉన్నారు, ఇంకో పిల్లో పిల్లాడో పుట్టొచ్చు, అక్కడే ఉండిపోవచ్చు. అందుకే అంత వివరంగా చెప్పాను.

కొత్తప్రయాణం

ఏజెంట్ నుంచి అంకెలు వచ్చాయి. ఫోన్లో చెప్పిన ఉత్సాహం మెయిల్‌లో లేదు. నాకు 560, మా ఆవిడకి 455, పాపకి 185. ఆవిడ దాంట్లో థైరాయిడ్ కోసం అదనపు వడ్డింపు కలిసే ఉంది. మొత్తం 1,200. ఇందులో కేర్ భాగం మా ఇద్దరికీ కలిపి 80, పాపకి ఏమీ లేదు. పెద్దవాళ్లిద్దరికీ ఏడాదికి చెరో 600 యూరోల దాకా ఖర్చు మేమే పెట్టుకోవాలి, ఆ తర్వాతే ఇన్సూరెన్స్ ఇస్తుంది.

ఇంకో మాట. "థైరాయిడ్ రాయకండి, మీ దేశంలో రికార్డులు ఎవరు చూస్తారు, 400కే వస్తుంది" అని ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఇది మామూలేనా?

పాతకాపు

మామూలు కాదు. ఆ మాట విన్నాక నేను రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఇది నాకు జరిగింది. సంస్థ పేరు వద్దు. ప్రశ్నాపత్రంలో "గత ఐదేళ్లలో వెన్ను, కీళ్లకి చికిత్స తీసుకున్నారా" అని ఉంది. నడుం నొప్పికి రెండేళ్ల ముందు పది సిట్టింగుల ఫిజియోథెరపీ చేయించుకున్నాను. "అది జబ్బా ఏంటి, లేదని కొట్టండి" అన్నాడు ఏజెంట్. కొట్టాను. ఏడాదిన్నర తర్వాత మళ్లీ నడుం పట్టేసి ఎమ్మారై తీయించుకున్నాను. ఆ బిల్లు పంపాక డబ్బు రాలేదు, ఒక ఫారం వచ్చింది. ఇంతకుముందు చూసిన డాక్టర్లందరి పేర్లు రాసి, వాళ్లని అడగడానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టమని. ఎమ్మారై రాసిన డాక్టర్ "గతంలోనూ ఉందని రోగి చెప్పాడు" అని తన నోట్సులో రాసుకున్నాడు. నేనే చెప్పాను, ఆ రోజు నొప్పితో.

కాంట్రాక్టు రద్దు చేశారు. ఇంకో ప్రైవేట్ సంస్థ బేసిక్ టారిఫ్‌లో చేర్చుకుంది. అది చేర్చుకోక తప్పదు, కానీ ధర పబ్లిక్ గరిష్ఠ ప్రీమియం దాకా ఉంటుంది, వచ్చేది పబ్లిక్ స్థాయి వైద్యమే. సంతకం నాది కాబట్టి ఏజెంట్‌ని ఎవరూ ఏమీ అనలేదు.

మీ ఆవిడ థైరాయిడ్ మాత్ర రోజూ వేసుకుంటుంది. ఇక్కడి డాక్టర్ మొదటి రోజే "ఎప్పటి నుంచి వాడుతున్నారు" అని అడుగుతాడు. "ఆరేళ్ల నుంచి" అని ఆవిడ నిజమే చెబుతుంది. చెప్పాలి కూడా. ఆ రెండు కాగితాలూ ఏదో ఒక రోజు ఒకే బల్ల మీదకి వస్తాయి. దయచేసి అతని మాట వినకండి.

లెక్కలమాస్టారు

పాతకాపు గారు చెప్పాక నా అంకెలు చిన్నవే, అయినా మాటిచ్చాను కాబట్టి రాస్తున్నాను.

ప్రైవేట్ ప్రీమియంలో కంపెనీ సగం ఇస్తుంది, భార్యాపిల్లల పాలసీలకి కూడా. అయితే దానికో పరిమితి ఉంది. పబ్లిక్‌లో అయితే ఎంత ఇచ్చేదో అంతకి మించి ఇవ్వదు: వైద్యానికి 508.59, కేర్‌కి 104.63. మీ 1,200లో కేర్ 80 తీసేస్తే వైద్యం భాగం 1,120. దాంట్లో సగం 560, కానీ కంపెనీ 508.59 దగ్గర ఆగిపోతుంది. కేర్‌లో సగం 40. కంపెనీ ఇచ్చేది మొత్తం 548.59. మీరు కట్టేది 651.41.

పబ్లిక్‌లో 613.22.

అంటే నెలకి 330 మిగులు అని మొదలైంది, 38 నష్టంగా తేలింది. ఆపైన ఏడాదికి ఇద్దరికీ కలిపి 1,200 వరకు మొదట మీరే పెట్టుకునే ఖర్చు. రెండో బిడ్డ పుడితే ప్రైవేట్‌లో ఆ బిడ్డ ప్రీమియంలో ఒక్క యూరో కూడా కంపెనీ ఇవ్వదు, వైద్యం భాగం పరిమితి ఇప్పటికే దాటింది కదా. పబ్లిక్‌లో ఎంతమంది పిల్లలైనా ఉచితమే.

"నేనొక్కణ్ణి ప్రైవేట్, మా ఆవిడ ఉద్యోగంలో చేరి పబ్లిక్, పాప ఆవిడ కింద" అన్న ఆలోచన కూడా వస్తుంది, నాకూ ఒకప్పుడు వచ్చింది. కుదరదు. ప్రైవేట్‌లో ఉన్న తండ్రి జీతం పరిమితి దాటి, తల్లి కంటే ఎక్కువ సంపాదిస్తుంటే పాపకి తల్లి కింద ఉచితం రాదు.

ఇంకొక చిన్న పని, చాలామంది మర్చిపోతారు. పిల్లలు లేని ఉద్యోగి కేర్ ఇన్సూరెన్స్‌కి 0.6 శాతం ఎక్కువ కడతాడు. మీకు పాప ఉందని కంపెనీకి తెలియాలంటే కాగితం ఇవ్వాలి. పాప ఇంకా ఇండియాలోనే ఉన్నా సరే, బర్త్ సర్టిఫికెట్ చేరిన రోజే హెచ్‌ఆర్‌కి ఇవ్వండి. లేకపోతే నెలకి 34.88 యూరోలు ఊరికే పోతాయి.

రైన్‌తీరం

అందరూ ప్రీమియం గురించే మాట్లాడుతున్నారు. జబ్బు పడితే జీతం ఎవరు ఇస్తారన్నది కూడా చూడండి.

2023 నవంబరులో పిల్లాడి సైకిల్ మెట్ల మీద నుంచి దించుతుంటే నడుంలో ఏదో తెగినట్టయింది. నిలబడలేకపోయాను. హాల్లో నేల మీద వెల్లకిలా పడుకుని కాళ్లు కుర్చీ మీద పెట్టుకుంటే తప్ప ఊపిరి ఆడేది కాదు. అలా 11 రోజులు నేల మీదే తిన్నాను, నేల మీదే పడుకున్నాను. డిస్క్ జారిందన్నారు. మొత్తం నాలుగు నెలలు ఆఫీసుకి వెళ్లలేదు.

మొదటి ఆరు వారాలు కంపెనీ పూర్తి జీతం ఇచ్చింది. ఏడో వారం నుంచి పబ్లిక్ సంస్థ డబ్బు ఇచ్చింది, స్థూల జీతంలో 70 శాతం, చేతికొచ్చే జీతంలో 90 శాతం దాటకుండా. ఒకే జబ్బుకి మూడేళ్లలో 78 వారాల వరకు ఇస్తారు. దానికి నేను విడిగా ఏ పాలసీ తీసుకోలేదు, అది పబ్లిక్‌లోనే కలిసి ఉంది. ప్రైవేట్‌లో ఈ రోజువారీ డబ్బు కోసం విడిగా కవర్ తీసుకోవాలి. ఏజెంట్ చెప్పిన 560లో అది ఉందో లేదో అడగండి. చౌకగా చూపించాలంటే మొదట తీసేసేది అదే.

ఇంకోటి: కంపెనీ ఇచ్చే ఆరు వారాల హక్కు ఉద్యోగంలో నాలుగు వారాలు పూర్తయ్యాకే మొదలవుతుంది. చేరిన రెండో వారంలో కాలు విరిగితే జీతం కంపెనీ నుంచి రాదు. పబ్లిక్‌లో ఉంటే ఆ రోజుల డబ్బు సంస్థ ఇస్తుంది.

కొత్తప్రయాణం

అడిగాను. లేదు. కావాలంటే ఇంకో 45 అవుతుందన్నాడు.

వార్డునర్సు

నేను ఇక్కడ ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. పబ్లిక్, ప్రైవేట్ రోగులిద్దరినీ రోజూ చూస్తాను, కాబట్టి ఒక భయం తీర్చాలనిపించింది. గుండెపోటుతో వచ్చినవాళ్లని కార్డు చూసి వెనక్కి నెట్టరు. అత్యవసరంలో వైద్యం ఒకటే. ప్రైవేట్ రోగి దగ్గరికి చీఫ్ డాక్టర్ వస్తారు, ఒంటరి గది దొరుకుతుంది. స్పెషలిస్ట్ టెర్మిన్ త్వరగా దొరకడం కూడా నిజమే, పబ్లిక్‌లో ఆలస్యం నిజంగా విసిగిస్తుంది. మీ ఇంటి దగ్గరి హౌసార్ట్స్ట్‌ని, అంటే ఫ్యామిలీ డాక్టర్‌ని, వచ్చిన మొదటి నెలలోనే, జబ్బు చేయకముందే వెతుక్కోండి. కొత్త రోగుల్ని తీసుకోమని చాలామంది అంటారు, నాలుగైదు చోట్ల అడగాలి. స్పెషలిస్ట్ దొరక్కపోతే 116117కి ఫోన్ చేస్తే టెర్మిన్ వెతికిపెడతారు. రాత్రిపూట, ఆదివారాల్లో ప్రాణం మీదకి రాని జబ్బుకి కూడా అదే నంబరు. ప్రాణం మీదకి వస్తే 112.

పబ్లిక్‌లో చేతి నుంచి పెట్టాల్సింది తక్కువే. మందుకి 5 నుంచి 10 యూరోలు, ఆసుపత్రిలో రోజుకి 10, అదీ ఏడాదికి 28 రోజుల వరకే. పిల్లలకి అదీ లేదు. మీ ఆవిడ మాత్రల డబ్బాకి 5 యూరోలు అవుతుంది.

పళ్లు, కళ్లజోడు మాత్రం వేరే కథ. క్రౌన్ పెట్టించుకుంటే పబ్లిక్ ఇచ్చేది సాధారణ వైద్యం ఖర్చులో 60 శాతం. ఐదేళ్లు ఏటా పళ్ల డాక్టర్‌కి చూపించుకుని, దానికోసం ఉండే బుక్‌లో స్టాంపు వేయించుకుంటే 70, పదేళ్లయితే 75. పెద్దవాళ్ల కళ్లద్దాలకి దాదాపు ఏమీ రాదు. పళ్ల పని ఏదైనా మిగిలి ఉంటే విమానం ఎక్కకముందే చేయించుకోండి.

మీ ఆవిడకి రెండు మూడు నెలల మాత్రలు, చివరి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) రిపోర్టు, ప్రిస్క్రిప్షన్ పెట్టుకుని రమ్మనండి. ప్రిస్క్రిప్షన్ మీద కంపెనీ పేరు కాకుండా లెవోథైరాక్సిన్ అని, ఎన్ని మైక్రోగ్రాములో రాయించండి. పాప టీకాల పుస్తకం చేతి సంచిలోనే ఉండాలి. తట్టు టీకా రెండు డోసులూ పడినట్టు చూపించకపోతే ఇక్కడ కిండర్‌గార్టెన్‌లో చేర్చుకోరు, 2020 నుంచి చట్టం.

తొందరలోఉన్నా

ఉద్యోగం 1న మొదలు, నేను 24నే దిగుతున్నాను. ఆ వారం రోజులు?

పాతకాపు

పబ్లిక్ ఉద్యోగం మొదలైన రోజు నుంచే. ఆ వారానికి ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలి. వీసాకి చూపించిన పాలసీ తేదీలు చూసుకోండి, విమానం ముందుకి జరిపి పాలసీ తేదీ జరపనివాళ్లని చూశాను. ఉద్యోగం మొదలయ్యే తేదీ మీద కూడా రెండు వారాలు ఎక్కువ పెట్టుకోండి. అలాగే "ఇన్‌కమింగ్" పేరుతో నెలకి 40, 50 యూరోలకి అమ్మేవి ఉంటాయి. అవి ఆ మధ్యకాలానికి పనికొస్తాయిగానీ ఉద్యోగికి అసలు ఇన్సూరెన్స్ కాదు, పాత జబ్బులకి సాధారణంగా ఇవ్వవు.

కొత్తప్రయాణం

మా అమ్మానాన్నల్ని పబ్లిక్‌లో నా కింద చేర్చవచ్చా? ఇక్కడి పాలసీ ఒకటి మా నలుగురికీ కలిపి ఉంది, మానేయాలా?

లెక్కలమాస్టారు

తల్లిదండ్రులు రారండీ, భార్యాపిల్లలే. వాళ్లు చూడ్డానికి వస్తే 30,000 యూరోల కవర్ ఉన్న విజిటర్ పాలసీ తీసుకోవాలి. ఇండియా పాలసీ మానకండి. పెద్దవాళ్లది ఆపేసి మళ్లీ తీసుకుంటే పాత జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ మొదటికి వస్తుంది. మీ పేరు తీసేస్తే ప్రీమియం ఎంత తగ్గుతుందో కనుక్కోండి. తిరిగి వెళ్లే ఉద్దేశం ఉంటే మీ పేరు కూడా ఉంచండి.

ఒంటరిపక్షి

నేను మొదట రాసింది సగం మాటే. 55 దాటాక ప్రైవేట్ నుంచి పబ్లిక్‌కి రావడం దాదాపు అసాధ్యం. దానికి ముందు రావాలన్నా జీతం పరిమితి కిందికి పడాలి, లేదా ఉద్యోగం పోయి నిరుద్యోగ భృతి తీసుకోవాలి. ప్రీమియం జీతంతో పాటు తగ్గదు, పెరుగుతూనే ఉంటుంది. ఐదేళ్లలో నాది మూడుసార్లు పెరిగింది. నేను వెళ్లిపోయేవాణ్ణి కాబట్టి పట్టించుకోలేదు. మీరు ఉండిపోయేవాళ్లయితే అది చూసుకోవాలి.

కొత్తప్రయాణం

నిన్న రాత్రి ఈ పేజీ అంతా మా ఆవిడకి చదివి వినిపించాను. పాతకాపు గారి దగ్గరికి వచ్చేసరికి తను మాట్లాడలేదు. తర్వాత "నా మాత్ర దాచిపెట్టి బతకాలా అక్కడ" అంది. ఆ ఒక్క మాటతో నాకు తేలిపోయింది. పబ్లిక్ తీసుకుంటున్నానని హెచ్‌ఆర్‌కి ఈ ఉదయం రాశాను. ఏజెంట్‌కి వద్దని చెప్పాను. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

స్టుట్‌గార్ట్_అక్క

మంచి పని చేశావు తమ్ముడూ. దిగాక మెసేజ్ పెట్టు, మా పాప డాక్టర్ కొత్త పిల్లల్ని తీసుకుంటున్నారేమో అడిగి ఉంచుతాను.

కొత్తప్రయాణం

ఆరు వారాల తర్వాత మళ్లీ వచ్చాను. నా కార్డు పోస్టులో వచ్చింది. బర్త్ సర్టిఫికెట్ మొదటి రోజే ఇచ్చాను, జీతం స్లిప్‌లో కేర్ దగ్గర 104.63 అనే ఉంది. హౌసార్ట్స్ట్ ఆరో చోట దొరికారు.

మా ఆవిడ, పాప ఫారం కూడా నింపి పెట్టుకున్నాను, వాళ్లు దిగి అడ్రస్ రిజిస్టర్ అవ్వగానే మ్యారేజ్ సర్టిఫికెట్‌తో కలిపి పంపాలన్నారు. అక్కా, ఒక్క సందేహం. పాపకి ఫొటో ఎక్కడ అంటించాలో ఫారంలో కనబడలేదు.

స్టుట్‌గార్ట్_అక్క

అక్కర్లేదు. 15 ఏళ్ల లోపు పిల్లల కార్డు మీద ఫొటో ఉండదు. మీ ఆవిడది మాత్రం పంపించు. పాపకి నాలుగో పుట్టినరోజు ఎప్పుడు? దానికి ముందు యూ8 అని పిల్లలకి చేసే చెకప్ ఉంటుంది, డాక్టరమ్మతో మాట్లాడాను, తీసుకుంటానన్నారు. తేదీ చెప్తే ఇప్పుడే టెర్మిన్ రాయిస్తాను.

కొత్తప్రయాణం

ఫిబ్రవరి 19 అక్కా.